బరి మూడు రోజులు, పంజరం ఏడాదంతా

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ్యులకు,



జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే చట్టం ఢిల్లీలో చేసింది, అందులో మా చేతిలో ఏముంది అని మీలో చాలామంది అనుకుంటున్నట్టున్నారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉమ్మడి జాబితా తీసి 17వ అంశం చూడండి. ఆ విషయం మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుతో పాటు మీకూ ఉంది. కేంద్ర చట్టంతో తేడా వచ్చేచోట రాష్ట్రపతి ఆమోదం కావాలి, అంతే. 2017 జనవరిలో తమిళనాడు శాసనసభ జల్లికట్టు కోసం 1960 నాటి ఆ కేంద్ర చట్టాన్ని సవరించుకున్నది ఆ అధికారంతోనే. కంబళ అనే దున్నల పందేల కోసం కర్ణాటక, ఎడ్లబండ్ల పందేల కోసం మహారాష్ట్ర అదే పని చేశాయి. 2023 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. ఆ మూడు రాష్ట్రాలూ చట్టాన్ని సడలించుకున్నాయి. అదే అధికారంతో మన రెండు శాసనసభలూ ఫారాల్లోని కోళ్ల కోసం, లారీల్లోని పశువుల కోసం చట్టాన్ని గట్టి చేయాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను గుడ్లు తింటాను, మాంసం తింటాను. ఎవరినీ మానెయ్యమని అడగడం లేదు. తినబోయే ప్రాణి బతికున్నన్నాళ్లు ఎలా బతుకుతోందన్నదే నా బాధ. మాది తణుకు ప్రాంతం. కోళ్లఫారాలు మాకు కొత్త కాదు. మా బంధువుల్లో చాలామందికి గుడ్ల వ్యాపారంతోనో దాణా వ్యాపారంతోనో లంకె ఉంది. వాళ్ల పొట్టకొట్టే మాట ఏదీ ఇందులో ఉండదు.

గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణ కూడా ముందు వరసలోనే ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గొర్రెలున్నది తెలంగాణలో, సుమారు 1.9 కోట్లు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1.76 కోట్లు. ఇన్ని జీవాలను పెంచి దేశానికి తిండి పెడుతున్న రాష్ట్రాలు వాటి బాగోగుల గురించి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవలసిన పనిలేదు.

ఇలాంటి చట్టాన్ని జనం ఒప్పుకోరు అంటారేమో. జనం ఏమంటున్నారో మా దగ్గర వినిపించే మాటల్లోనే చెబుతాను. ‘రేపు కోసుకు తినేదానికి ఇవాళ సౌకర్యాలేమిటండీ’ అనేది ఒక మాట. ‘మనుషులకే దిక్కు లేదు, కోళ్లకు చట్టమా’ అనేది ఇంకొకటి. మూడో మాట కాస్త గొంతు తగ్గించి అంటారు: ‘ఈ చట్టాలన్నీ తిననివాళ్లు తినేవాళ్ల మీద పెట్టేవి.’

మొదటి మాటకు జవాబు మా ఊళ్లోనే ఉంది. దుక్కిలో ఎద్దును రక్తం కారేలా ముల్లుకర్రతో పొడిచినవాణ్ణి ఇప్పటికీ పదిమందీ నిలదీస్తారు. ఆ ఎద్దు ముసలిదయ్యాక ఎక్కడికి వెళ్తుందో వాళ్లకు తెలియక కాదు. తెలిసే నిలదీస్తారు. రెండో మాట అనేవాళ్లు కోళ్ల మీద కోపంతో అనరు. తమ గోడు వినేవాడు లేడన్న కడుపుమంటతో అంటారు. ఆ గోడు వినవలసింది కూడా మీరే.

మూడో మాటను మాత్రం తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను గోరక్షణ పేరు చెప్పి కొట్టారు. చచ్చిన పశువును తీసుకుపొమ్మని ఊరు పిలుస్తుంది, తీసుకుపోయినవాళ్లకు దెబ్బలు. 2017 మేలో కేంద్రం పశువుల సంతలకు నియమాలు తెచ్చి, కబేళా కోసం సంతలో అమ్మకూడదంది. క్రూరత్వ నివారణ చట్టం కిందనే ఆ నియమాలు వచ్చాయి. వట్టిపోయిన గేదెను ఎవరికి అమ్మాలో తెలియక రైతు, సరుకు రాక వ్యాపారి, పని లేక తోళ్ల కార్మికుడు అల్లాడారు. ఆ జులైలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా నిలిపేసింది. ఆ దెబ్బకు ‘జంతు సంక్షేమం’ అన్న మాట వినగానే ఎవరి తిండి మీదకో, ఎవరి కులం మీదకో వస్తున్నారని జనం భయపడటం మొదలైంది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అది పోగొట్టకుండా ఎంత మంచి చట్టం తెచ్చినా నిలబడదు.

ఇక మా జిల్లాల్లో చట్టం ఇంకో రూపంలో కనిపిస్తుంది. సంక్రాంతికి వారం ముందు కూడళ్లలో పోలీసుల ఫ్లెక్సీలు వెలుస్తాయి: కోడిపందేలు నేరం. 1960 చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం నేరమే. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం పందెం కాయడమూ నేరమే. భోగి నాడు పొద్దెక్కేసరికి అదే కూడలికి కూతవేటు దూరంలో బరులు తెరుచుకుంటాయి, కత్తులు కడతారు, లక్షలు చేతులు మారతాయి. బరి ప్రారంభించింది ఏ నాయకుడో మర్నాడు ఫొటోతో సహా పేపర్లో వస్తుంది. ఆ ఫొటోల్లో మీ సభలో కూర్చునేవాళ్లూ ఉంటారు. ఇది చూస్తూ పెరిగిన పిల్లవాడు చట్టం గురించి ఏం నేర్చుకుంటాడు? మూడు రోజులు దాన్ని పక్కన పెట్టొచ్చనీ, మిగతా 362 రోజులూ దానికి మనతో పనే లేదనీ.

ఆ మిగతా రోజుల గురించే నా విన్నపం. బరిలో చచ్చే పుంజుల కోసం హైకోర్టులో వాదనలు జరిగాయి, టీవీల్లో చర్చలు జరుగుతాయి. ఆ బరికి నాలుగు పొలాల అవతల షెడ్డులో ఉన్న వేల పెట్టల గురించి ఒక్కరూ అడగరు. పందెం పుంజును యజమాని ఏడాది పాటు బాదం పప్పులు పెట్టి, ఈత కొట్టించి, పేరు పెట్టి పెంచుతాడు. షెడ్డులోని పెట్టకు ఒక్క రోజు కూడా నేల మీద కాలు మోపే యోగం లేదు.

షెడ్డు చూడనివారి కోసం చెబుతాను. లోపలికి వెళ్లేముందు కాళ్లు మందునీళ్లలో తడపాలి. అడుగుపెట్టగానే కళ్లు మండుతాయి, కింద పేరుకున్న రెట్ట నుంచి లేచే అమ్మోనియాకు. నడవకు రెండువైపులా ఇనుపతీగల పంజరాలు వరసల మీద వరసలు. ఒక్కోదానిలో మూడో నాలుగో పెట్టలు. అడుగు కూడా తీగే, ముందుకు వాలుగా ఉంటుంది. గుడ్డు పడగానే దొర్లుకుంటూ బయటి గాడిలోకి వస్తుంది. ఎదురుగా దాణా తొట్టి, నీళ్లకు నిపుల్. మేతకు లోటు లేదు, నీళ్లకు లోటు లేదు, మందులకు లోటు లేదు. రెక్క విప్పడానికి చోటు లేదు.

పెరట్లో కోళ్లు పెంచిన ఇళ్లవాళ్లకు తెలుసు, గుడ్డు వేళకు పెట్ట ఎంత హడావుడి పడుతుందో. మూలమూలా వెతుకుతుంది, గొణుక్కుంటూ తిరుగుతుంది, గడ్డివాము పక్కనో పాత గంపలోనో దూరి కాళ్లతో సర్దుకుని ఎవరూ చూడటం లేదనుకున్నాకే కూర్చుంటుంది. పంజరంలోని పెట్టకూ ఆ వేళకు ఆ తహతహే పుడుతుంది. ఒక ఉదయం అలాంటి పెట్ట ముందు చాలాసేపు నిలబడిపోయాను. పక్కవాటి మీదుగా తల దూరుస్తోంది, తీగల మీద కాళ్లు మార్చుకుంటోంది, వెనక్కి తిరగబోయి తిరగలేక ఆగుతోంది. మెడ మీద ఈకలు తీగకు రాసుకుని ఊడిపోయి ఎర్రటి చర్మం బయటపడింది. ముక్కు కొన లేదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లప్పుడే వేడి బ్లేడుతో కత్తిరించేస్తారు. చివరికి అది నిలబడ్డచోటే గుడ్డు పెట్టింది. గుడ్డు దొర్లిపోయింది. ఇక అది మళ్లీ తొట్టి వైపు తల తిప్పింది.

మనం కార్యాలయాల్లో వాడే ఏ4 కాగితం విస్తీర్ణం సుమారు 624 చదరపు సెంటీమీటర్లు. మామూలు పంజరంలో ఒక పెట్ట వంతుకు వచ్చేది అంతకన్నా తక్కువ. కోళ్ల పంజరాల మీద లా కమిషన్ 2017 జులైలో 269వ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత కేంద్రం రాసిన నియమాల్లో ఒక్కో కోడికి పెట్టిన కొలత 550 చదరపు సెంటీమీటర్లు. అదీ కాగితం కన్నా చిన్నదే. యూరోపియన్ యూనియన్ 1999లో తీగ పంజరాలకు పెట్టి, చాలదని 2012 నుంచి రద్దు చేసిన కొలత సరిగ్గా ఇదే.

ఆ పెట్టతో పాటు పొదిగిన పుంజుపిల్లల సంగతి కూడా మీకు తెలియాలి. ఆ జాతి పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా ఎదగవు. అందుకని హేచరీల్లో పుట్టిన రోజే చంపేయడం ఆనవాయితీ. కొన్నిటికి పచ్చరంగు, గులాబీరంగు అద్ది ఊళ్లల్లో పిల్లలకు అమ్ముతారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఇలా చంపడాన్ని చట్టంతో ఆపింది.

మన చట్టంలో మాటలు లేవా అంటే ఉన్నాయి. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన రుక్మిణీదేవి అరండేల్ జంతు హింస నివారణకు సొంతంగా ఒక బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ మాటిస్తే వెనక్కి తీసుకున్నారు. దాని ఫలితమే 1960 చట్టం. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో ఏ జంతువునైనా ఉంచడం నేరమని 11వ సెక్షన్ అప్పుడే చెప్పింది. ఆ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ప్రతి ప్రాణీ, కోడి కూడా. మాట గట్టిదే. శిక్ష చూడండి: మొదటి తప్పుకు 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు జరిమానా. 1960లో యాభై అంటే కూలీవాడికి ఇంచుమించు నెల కష్టం. ఇవాళ ఆ డబ్బుకు డజను గుడ్లు రావు. ఇన్నేళ్లుగా ఆ అంకె మారలేదు. 2022 నవంబరులో కేంద్రం సవరణ ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది. అది చట్టం కాలేదు. ఒక నేరానికి సర్కారు యాభై రూపాయల ఖరీదు కడితే, జనం దాన్ని పెద్ద నేరమని ఎందుకు అనుకుంటారు? ప్రజల్లో స్పందన లేదని ఫిర్యాదు చేసేముందు ఈ అంకెను చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

బయటి దేశాల్లో జనాన్ని నేరుగా అడిగిన సందర్భాలున్నాయి. 2018లో కాలిఫోర్నియాలో గుడ్ల కోళ్లు, పందులు, దూడలు మసలడానికి కనీస చోటుండాలన్న ప్రతిపాదన మీద ఓటింగు పెడితే దాదాపు 63 శాతం అవునన్నారు. 2022 సెప్టెంబరులో స్విట్జర్లాండులో పారిశ్రామిక పశుపోషణను మొత్తంగా ఆపాలా అని అడిగితే అంతే మంది, దాదాపు 63 శాతం, వద్దన్నారు. స్విస్ ప్రజలకు దయ తక్కువ అనుకుంటే పొరపాటు. కోళ్ల తీగ పంజరాలు అక్కడ 1992 నాటికే పోయాయి. ఉన్న చట్టం చాలు, దిగుమతులతో సహా ధరలు పెరుగుతాయి అని ప్రభుత్వం చెప్పింది, జనం నమ్మారు. కాలిఫోర్నియాలో అడిగింది ఒక ప్రాణి ఒళ్లు తిప్పుకునే చోటు గురించి. అంత దగ్గరగా చూపించి అడిగితే ఎక్కడి జనమైనా కాదనరని నా నమ్మకం. మనవాళ్లను ఇంతవరకు ఎవరూ అలా అడగలేదు.

కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు ఇప్పుడు కొనే గుడ్లన్నీ పంజరం లేని కోళ్లవే. 2022 నుంచి అక్కడ వేరేవి అమ్మకూడదు. ధర ఎక్కువే. అదే ఓటర్లు చట్టం రాకముందు దుకాణంలో చవక డబ్బానే తీసుకునేవారు. ఓటు వేసేటప్పుడు ఉన్న మనసు కొట్టు దగ్గర ఉండదు, జేబు అడ్డుపడుతుంది. హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో పంజరం లేని గుడ్లు దొరుకుతున్నాయి కదా, కావలసినవాళ్లు కొనుక్కుంటారు అనే వాదన అందుకే చాలదు. దయ డబ్బున్నవాళ్లు కొనుక్కునే వస్తువుగా మిగిలిపోతే షెడ్డులో ఏమీ మారదు.

ఇక రైతు. గుడ్డు ధర తను నిర్ణయించలేడు, మొక్కజొన్న ధర తను నిర్ణయించలేడు, సోయా ధర తన చేతిలో లేదు. మే నెలలో షెడ్డు మీద గోనెలు కప్పి, పగలంతా నీళ్లు చల్లి, అయినా వడగాడ్పుకు వందల కోళ్లు ఒక్కరోజులో రాలిపోతే తల పట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను. 2025 ఫిబ్రవరిలో మా చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాలకు ఫారాలు పూడ్చిపెట్టారు. ఆ వారాల్లో చికెన్ తినొచ్చా, గుడ్డు ఉడకబెడితే చాలా అని అందరూ అడిగారు. కిక్కిరిసిన షెడ్లలో రోగం ఎంత వేగంగా పాకుతుందో ఎవరూ మాట్లాడలేదు. రైతుకు మాత్రం ఆ సంగతి బాగా తెలుసు. బ్యాంకు అప్పు పంజరాల మీదే ఉంది కాబట్టి నోరు మెదపడు. అతణ్ణి దోషిగా నిలబెట్టే చట్టం నాకు వద్దు. యూరోపియన్ యూనియన్ తీగ పంజరాల రద్దుకు 1999లో నిర్ణయం తీసుకుని 2012 దాకా గడువిచ్చింది. అంత గడువిచ్చినా ఆ తేదీకి 13 దేశాలు సిద్ధం కాలేదు. మనం ఇంకా ఆలస్యంగా మొదలుపెడుతున్నాం కాబట్టి గడువుతో పాటు డబ్బూ పెట్టాలి.

ఆ డబ్బు పెట్టే దారి మీ దగ్గరే ఉంది. బడి భోజనంలో గుడ్డు, అంగన్‌వాడీలో గుడ్డు, గర్భిణులకు గుడ్డు: రెండు రాష్ట్రాల్లోనూ గుడ్లు కొనే పెద్ద బేరగాడు ప్రభుత్వమే. ఒక్క పిల్లవాడి పళ్లెంలోంచి ఒక్క గుడ్డు కూడా తగ్గకూడదు, ఈ విషయంలో నాకు ఏ రాజీ లేదు. పంజరాలు తీసేసి నేల షెడ్డుకు మారిన రైతు దగ్గర ముందుగా, గిట్టుబాటు ధరకు కొంటామని టెండరులో ఒక వాక్యం రాయండి. మొదట కొద్ది భాగంతో మొదలుపెట్టినా చాలు. షెడ్డు మార్చుకోవడానికి పెట్టుబడి రాయితీ ఇవ్వండి. కొత్త ఫారాలకు మాత్రం తీగ పంజరాలతో అనుమతి ఇవ్వడం ఇప్పుడే ఆపండి.

మాంసం కోళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. కంపెనీతో ఒప్పందం మీద పెంచే ఇంటిగ్రేషన్‌లో పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. రైతుది షెడ్డు, చాకిరీ. అతనికి వచ్చేది పెంపకం కూలి. షెడ్డులో ఎన్ని పిల్లలు వేయాలో నిర్ణయించేది కంపెనీ అయినప్పుడు, కిక్కిరిసినందుకు శిక్ష రైతుకు పడకూడదు. బాధ్యత కోడి ఎవరిదైతే వాళ్లదని సవరణలో స్పష్టంగా రాయాలి. జరిమానా యాభై రూపాయలు కాకుండా, కంపెనీ లెక్కల్లో కనిపించేంత ఉండాలి.

పశువుల రవాణాకు 1978 నియమాలున్నాయి. లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు. రాత్రిపూట జాతీయ రహదారి మీద వెళ్లే లారీల్లో ఎన్ని ఉంటాయో మీ కార్ల కిటికీల్లోంచి మీరూ చూసే ఉంటారు. ఒకదాని మీద ఒకటి పడి, కొమ్ము విరిగి, కింద పడ్డది లేవలేక తొక్కుడుపడి చస్తుంది. ఆ లారీని ఆపి దించవలసింది పశువైద్యుడు, పోలీసు, రవాణా అధికారి. ఏ కండువా వేసుకున్న గుంపుకూ బండి ఆపే హక్కు లేదని, ఆపితే అది వేరే నేరమని అదే సవరణలో రాయండి. ఈ ఒక్క వాక్యం ఉంటే అమలాపురం గుర్తున్నవాళ్లు కూడా ఈ చట్టాన్ని తమదనుకోగలుగుతారు. అది లేకుండా వచ్చే చట్టాన్ని నేనూ సమర్థించను.

సంక్రాంతి బరుల మాటకొస్తే, ప్రారంభోత్సవాలకు వెళ్లడం మానండి. దానికి ఏ సవరణా అక్కర్లేదు.

జిల్లాకో జంతు హింస నివారణ సంఘం ఉండాలని 2001 నియమాలు చెబుతున్నాయి. మీ జిల్లాలో ఉందో లేదో కలెక్టరును అడగండి. ఉంటే అందులో కోళ్లరైతు, గొర్రెలకాపరి, మాంసం కొట్టు నడిపేవాళ్లు ఉన్నారో లేదో చూడండి. నగరంలో కుక్కల కోసం పనిచేసేవాళ్లతోనే ఆ సంఘం నిండితే షెడ్డు దాకా వెళ్లేవారుండరు. పశువైద్యశాలల్లో ఖాళీలు భర్తీ చేయకుండా తనిఖీలు ఎవరు చేస్తారన్నది కూడా మీరు తేల్చవలసిందే.

ఇదంతా ఒక్క సమావేశంలో అయ్యేది కాదని తెలుసు. వచ్చే సమావేశంలో మీలో ఒక్కరు, ఏ పార్టీవారైనా సరే, పశుసంవర్ధక మంత్రిని ఈ ప్రశ్న అడగండి: 1960 చట్టం 11వ సెక్షన్‌లో పంజరం గురించిన క్లాజు కింద గత పదేళ్లలో రాష్ట్రంలోని కోళ్లఫారాల మీద ఎన్ని కేసులు పెట్టారు, ఎంత జరిమానా వసూలు చేశారు, ఎన్ని షెడ్లను పశువైద్యులు తనిఖీ చేశారు, ఆ తనిఖీ నివేదికలు సభ ముందు పెడతారా?

ఇట్లు,
తణుకు ప్రాంత ఓటరు